నీలం ప్యాకెట్టు, మర పిండి, ఐదు గోధుమ గింజలు

ఈ జూన్‌లో మా వంటింటి పై అలమరకి తాళం పడింది. లోపల ఉన్నది నగలు కాదు, పిండి. తాళంచెవి నా దగ్గరే. పనమ్మాయి, మా ఆయన, పక్కింటావిడ ఎవరైనా సరే, గోధుమపిండి డబ్బాలో ముంచిన చెంచా ఆ అలమరలోకి పోకూడదు. రిటైరయ్యేదాకా బ్యాంకు కౌంటర్లో కూర్చున్నదాన్ని. తాళాల మీద, కాగితం అడుగున ఉండే చిన్న అక్షరాల మీద నాకు నమ్మకం ఎక్కువ.

మనవడికి ఎనిమిదేళ్ళు. న్యూజెర్సీలో ఉంటారు. పోయిన ఏడాది వాడి ఎత్తు పెరగడం ఆగింది. ఐరన్ మందు పోసినా రక్తం పట్టలేదు, పొద్దస్తమానం కడుపు ఉబ్బరమే. రక్తపరీక్షలో టీటీజీ అనే యాంటీబాడీ (ఈ జబ్బు ఉంటే పెరిగేది) బాగా ఎక్కువగా వచ్చింది. తర్వాత ఎండోస్కోపీలో చిన్నపేగు నుంచి పిసరంత ముక్క తీసి చూసి సీలియాక్ అని తేల్చారు. గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే గ్లూటెన్ లోపలికి వెళ్తే ఒంట్లోని రక్షణ వ్యవస్థ సొంత పేగు పొరనే దెబ్బతీస్తుంది. దీనికి మాత్ర లేదు. బతికినంతకాలం గ్లూటెన్ ముట్టకపోవడమే మందు.

ఈసారి సెలవులకి విజయవాడ వస్తూ కోడలు పెట్టెలో నాలుగు నీలం ప్యాకెట్లు పెట్టుకొచ్చింది. బాబ్స్ రెడ్ మిల్ వారి గ్లూటెన్ ఫ్రీ వన్-టు-వన్ బేకింగ్ పిండి, ఒక్కోటి 22 ఔన్సులు, అంటే 623 గ్రాములు. వాడి పుట్టినరోజు జూలైలో. కేకు ఇక్కడే చెయ్యాలి.

"అమెరికా నుంచి పిండి మోసుకొచ్చావా అమ్మాయ్? ఇక్కడ బియ్యానికి కరువా?" అన్నాను. కోడలు నవ్వి ఊరుకుంది. ఏదో ఒకటి అనేసి ఉంటే బాగుండేది. పది రోజుల తర్వాత ఆ మాట నాకే తగిలింది.

వాడికి జంతికలంటే ప్రాణం. బియ్యప్పిండి, శనగపిండి, వాము, నువ్వులు, వెన్న. ఇందులో గోధుమ ఎక్కడుంది? రెండు కిలోల బియ్యం కడిగి ఆరబెట్టి, ఎప్పుడూ వెళ్ళే మరకే పంపించి పట్టించాను. సాయంత్రం వాడు ఏడెనిమిది తిన్నాడు. రాత్రి తొమ్మిదిన్నరకి కడుపు పట్టుకుని మెలికలు తిరిగాడు, రెండుసార్లు వాంతి అయింది. కోడలు ఒక్క మాట కూడా అనలేదు. మిగిలిన పిండి డబ్బా మూత తీసి చూసి, "అత్తయ్యా, ఇది ఎక్కడ పట్టించారు?" అని మాత్రం అడిగింది.

మర్నాడు ఉదయం మరకెళ్ళి అరగంట కూర్చున్నాను. ఒకావిడ గోధుమలు పోసింది, తర్వాత ఒకాయన మినుములు, మళ్ళీ గోధుమలు, ఆ తర్వాత బియ్యం. అన్నీ ఒకే రాళ్ళ మధ్య నుంచి వెళ్ళి, ఒకే గుడ్డ గొట్టంలోంచి దిగుతున్నాయి. గొట్టాన్ని కర్రతో తడితే గోధుమ రంగు దుమ్ము రాలుతోంది. నడిపే అబ్బాయి దాచలేదు. "నిన్న మీ ముందు గోధుమలే అమ్మగారూ. మీ బియ్యం రెండు గుప్పెళ్ళు ముందు వేసి కడిగించాం కదా" అన్నాడు. నిజమే, అది వాళ్ళు చేసే మర్యాద. రంగు కలవకుండా ఉండడానికి ఆ రెండు గుప్పెళ్ళు చాలు. సీలియాక్ ఉన్న పిల్లాడికి చాలవు. ఈ ఊళ్ళో ఏ మరకెళ్ళినా పద్ధతి ఇదే కాబట్టి ఆ అబ్బాయిని అనేదేమీ లేదు.

అసలు ఎంత తగిలితే ఎక్కువ అని ఆ రోజే లెక్క వేయడం మొదలుపెట్టాను.

గ్లూటెన్ ఫ్రీ అనే ముద్రకి మన దేశపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ పెట్టిన హద్దు కిలోకి 20 మిల్లీగ్రాముల గ్లూటెన్. అమెరికాలోనూ, ఐరోపాలోనూ అంతే. దీన్నే 20 పీపీఎం అంటారు. వినడానికి అంకె బాగానే ఉంది, కానీ కంటికి కనపడదు. ఇక్కడ నాకు జొన్నలు సాయం వచ్చాయి. సొంతంగా పిండి చేద్దామని కిలో జొన్నలు తెచ్చి, స్టీలు పళ్ళెంలో పోసి, కళ్ళద్దాలు పెట్టుకుని ఏరాను. నాలుగు గోధుమ గింజలు దొరికాయి. ఒక్క గోధుమ గింజ బరువు సుమారు 40 మిల్లీగ్రాములు, అందులో గ్లూటెన్ పదో వంతు అనుకుంటే నాలుగు మిల్లీగ్రాములు. నాలుగు గింజలకి పదహారు. ఐదో గింజ కూడా ఉండి ఉంటే ఆ కిలో జొన్నలు హద్దుకి చేరిపోయేవి. 20 పీపీఎం అంటే అదన్నమాట. కిలో ధాన్యంలో ఐదు గోధుమ గింజలు.

చిత్రం ఏంటంటే, నా జొన్నల్లో కలిసింది ఎవరి మోసమూ కాదు. పక్క పొలమో, సంచో, లారీయో, తూకం పళ్ళెమో అయి ఉంటుంది. అమెరికాలో 2010లో ముగ్గురు పరిశోధకులు ఇదే పని లెక్కగా చేశారు. గ్లూటెన్ ఫ్రీ అని రాయని, పుట్టుకతో గ్లూటెన్ లేని గింజలు, పిండ్లు 22 రకాలు కొని పరీక్ష చేయిస్తే ఏడు 20 పీపీఎం దాటాయి. ఒక సోయాపిండిలో అయితే 2,925 ఉంది. సోయాచిక్కుడులో గోధుమ ఎందుకుంటుంది? దారిలో కలుస్తుంది.

ఇంకో లెక్క కూడా చెప్పాలి. సీలియాక్ ఉన్నవాళ్ళు రోజుకి 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ చొప్పున మూడు నెలలు తీసుకుంటే పేగు పొర దెబ్బతిన్నట్టు ఇటలీ డాక్టర్లు 2007లో చూపించారు. ఒక మామూలు చపాతీలో గ్లూటెన్ సుమారు మూడు గ్రాములు ఉంటుంది. అంటే ఆ 50 మిల్లీగ్రాములు చపాతీలో అరవయ్యో వంతు. "ఒక ముక్క తింటే ఏమవుతుందండీ, మా పిల్లలు తినడం లేదూ" అనే చుట్టాలకి నేను ఈ అరవయ్యో వంతు గురించి చెబుతున్నాను. సగంమంది వింటారు.

ఇక పిండ్ల సంగతి. ఒకే కేకు మూడుసార్లు చేశాను, కొలతలు మార్చకుండా. పిండి 250 గ్రాములు, చక్కెర 200, వెన్న 150, గుడ్లు మూడు, పెరుగు, పాలు, బేకింగ్ పౌడర్, యాలకుల పొడి. ఓటీజీ 170 డిగ్రీల మీద.

మొదట నీలం ప్యాకెట్టు. వెనక రాసినవి చదివితే అందులో ఉన్నవి జిగురు బియ్యపు పిండి, ముడిబియ్యం పిండి, బంగాళాదుంప స్టార్చ్, జొన్నపిండి, టపియోకా పిండి, గ్లూటెన్ బదులు పిండిని పట్టి ఉంచే జాంతన్ గమ్ అనే జిగురు. చదివి నవ్వొచ్చింది. బియ్యం, జొన్న మనవే. టపియోకా అంటే కర్రపెండలం, మన పెద్దాపురం, సామర్లకోట వైపు సగ్గుబియ్యం చేసే దుంప. ఇన్ని మనవై ఉండి కూడా ఆ ప్యాకెట్టు న్యూజెర్సీ నుంచి ఎందుకు రావాలి? దానికి జవాబు మిగిలిన చిన్న అక్షరాల్లో ఉంది. ఈ కంపెనీ గ్లూటెన్ లేని పిండ్లని వేరే చోట, వాటికే కేటాయించిన యంత్రాల మీద చేసి, గ్లూటెన్ ఎంతుందో కొలిచే ఎలైజా అనే పరీక్ష చేశాకే ప్యాక్ చేస్తుంది. మనం డబ్బు పెట్టేది ఈ శుభ్రతకీ, ఆ పరీక్షకీ. జొన్నలకీ బియ్యానికీ కాదు.

కేకు బాగా పొంగింది. రంగు మైదా కేకు కంటే కొంచెం ముదురు, రుచిలో తేడా నాకు తెలియలేదు. రెండు జాగ్రత్తలు మాత్రం నా అనుభవంలో తప్పనిసరి. పిండి కలిపాక అరగంట ఊరికే వదిలేయాలి. బియ్యప్పిండి తడిని నిదానంగా పీలుస్తుంది, ఆగకపోతే నాలుకకి రవ్వలా తగులుతుంది. రెండోది, కేకు వేడిమీద కొయ్యకూడదు. స్టార్చ్ చల్లారాకే గట్టిపడుతుంది. అంతవరకు మధ్యలో సాగుతూ ఉంటే ఉడకలేదేమో అని టెన్షన్ పడి మళ్ళీ ఓవెన్‌లో పెట్టకండి. నేను మొదటిసారి అదే చేసి అంచులు మాడ్చాను.

ఈస్టు వేసి బన్నులు కూడా ప్రయత్నించాను, ఇటుకలు తయారయ్యాయి. తప్పు నాదే. ఈ పిండి ఈస్టు రొట్టెలకి పనికి రాదని కంపెనీ వాళ్ళే చెబుతున్నారు, నేను తర్వాత చదివాను. కేకులు, బిస్కెట్లు, మఫిన్లు, పాన్‌కేకులు, అంతవరకే దీనితో. ఇదే కంపెనీలో ఎర్ర ప్యాకెట్టు ఆల్ పర్పస్ అని ఇంకోటి ఉంది. దాంట్లో శనగపిండీ, ఫావా చిక్కుడు పిండీ ఉంటాయి, జాంతన్ గమ్ ఉండదు. విడిగా కలుపుకోవాలి. పేర్లు దగ్గరగా ఉన్నాయని ఒకటి బదులు ఒకటి కొనకండి.

రెండోది ఇక్కడి సూపర్‌మార్కెట్టులో దొరికిన ప్యాకెట్టు. పేరు రాయను. ముందువైపు పెద్ద అక్షరాల్లో గ్లూటెన్ ఫ్రీ, ఆకు బొమ్మ, నవ్వుతున్న పాప. వెనక్కి తిప్పి, కళ్ళద్దాలు పైకి జరిపి చూస్తే అడుగున ఆవగింజంత అక్షరాల్లో, గోధుమ కూడా తయారయ్యే చోటే దీన్నీ తయారు చేశామని ఉంది. దుకాణంలోని కుర్రాణ్ణి అడిగితే "ముందు రాశారు కదా మేడమ్" అన్నాడు. నిజానికి ఈ రెండు మాటలూ ఒకే ప్యాకెట్టు మీద ఉండటం అబద్ధం కానక్కర్లేదు. ఒకే చోట చేసినా, పరీక్షలో 20 లోపు వస్తే ఆ ముద్ర వేసుకోవచ్చు. కానీ ఆ ప్యాకెట్టు మీద పరీక్ష ఊసు ఎక్కడా లేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, "ఏ పరీక్ష? ప్రతి బ్యాచ్‌కీనా, ఏడాదికోసారా? యంత్రాలు వేరా?" అని మూడు ప్రశ్నలు అడిగాను. అవతల అమ్మాయి ఎంతో మర్యాదగా, కనుక్కుని చెబుతానంది. ఇంకా కనుక్కుంటోంది.

ఆ పిండితో కేకు చేశాను, మా ఆయనా నేనూ తిన్నాం. కేకు మృదువుగానే వచ్చింది. పిల్లాడికి పెట్టలేదు. రుచికి మార్కులు వేయగలను గానీ, ఈ పిండి కొనేవాడికి ముందు కావాల్సింది రుచి కాదు కదా.

ఇలాంటప్పుడు సంస్థల గుర్తులు కొంత అక్కరకొస్తాయి. గోధుమ కంకి మీద గీత కొట్టిన బొమ్మ ఒకటి, జీఎఫ్‌సీఓ అనే గ్లూటెన్ ఫ్రీ ధ్రువీకరణ సంస్థ వేసే గుండ్రటి ముద్ర ఒకటి. జీఎఫ్‌సీఓ వాళ్ళ హద్దు ఇంకా బిగువు, 10 పీపీఎం. నా ఐదు గింజల లెక్కలో రెండున్నర.

మూడోది నా సొంత పిండి. మర వద్దనుకున్నాక ఇక మిక్సీయే గతి. కొత్త జార్ కొన్నాను, ఎందుకంటే పాత జార్ రబ్బరు కింద ఏళ్ళ తరబడి గోధుమపిండి ఇరుక్కుని ఉంది. కొత్త జల్లెడ కూడా కొన్నాను. దీని గురించి ఎవరూ చెప్పరు. పాత జల్లెడని ఎంత కడిగినా వెలుతురుకి ఎత్తి చూడండి, తీగల అల్లికలో పిండి అంటుకుని కనిపిస్తుంది. చెక్క అట్లకాడ, చపాతీ పీట, కర్ర కూడా పక్కన పెట్టేశాను.

బియ్యం ఏరి, కడిగి, నీడన పూర్తిగా ఆరబెట్టి, కొద్దికొద్దిగా వేసి మెత్తగా పట్టి, రెండుసార్లు జల్లించాను. ఏరిన జొన్నలూ అలాగే. సగ్గుబియ్యం కూడా మిక్సీలోనే. బియ్యప్పిండి రెండు పాళ్ళు, జొన్నపిండి ఒక పాలు, సగ్గుబియ్యం పిండి ఒక పాలు, కార్న్‌ఫ్లోర్ ఒక పాలు. కార్న్‌ఫ్లోర్ వెనక కూడా చదివే కొన్నాను. జాంతన్ గమ్ బదులు ఇసబ్‌గోల్, 250 గ్రాముల పిండికి రెండు చెంచాలు నీళ్ళలో నానబెట్టి కలిపాను. మలబద్ధకానికి మా ఆయన తాగే డబ్బాలోదే. ఆయన ముఖం చూడాల్సింది.

కేకు నీలం ప్యాకెట్టు అంత ఎత్తు రాలేదు. మొదటి రోజు బాగుంది, రెండో రోజుకి పొడిపొడిగా రాలింది. జొన్న వాసన నాకు నచ్చింది, పిల్లాడు "నానమ్మా, ఇది రొట్టెలా ఉంది" అన్నాడు గానీ రెండు ముక్కలు తిన్నాడు. రాత్రి హాయిగా నిద్రపోయాడు. అయినా దీన్ని అందరూ చేసుకోండి అని నేను చెప్పను. నేను ఏరింది కంటికి కనపడే గింజల్ని. దుమ్ముని ఏరలేను, నా దగ్గర ఎలైజా లేదు. బియ్యాన్ని కడిగితే పోతుంది, సగ్గుబియ్యానికీ కార్న్‌ఫ్లోర్‌కీ ఆ అవకాశం కూడా లేదు. టీటీజీ ఇంకా ఎక్కువగానే ఉన్నవాళ్ళూ, కొత్తగా జబ్బు బయటపడ్డవాళ్ళూ పరీక్ష చేసిన ప్యాకెట్టు కొనుక్కోవడమే మంచిదని నా అభిప్రాయం.

నాలుగోది నేను వండలేదు, వీడియోలో చూశాను. మా అబ్బాయి సెలవు దొరక్క అక్కడే ఉండిపోయాడు. ఒక ఆదివారం ఫోన్లో పిజ్జా చేస్తూ ప్యాకెట్టు చూపించాడు. ఇటలీలోని నేపుల్స్ వాళ్ళ కపూటో ఫియోరెగ్లూట్ అనే గ్లూటెన్ ఫ్రీ పిండి. దగ్గరగా పెట్టరా అని చదివితే మొదటి పదమే గోధుమ స్టార్చ్! "ఒరేయ్, పారెయ్ అది!" అని అరిచాను. మనవడు పక్కన నవ్వుతున్నాడు. తర్వాత కోడలు విడమరిచి చెప్పింది. గోధుమలోంచి గ్లూటెన్‌ని కడిగేసి, మిగిలిన స్టార్చ్ మాత్రమే వాడతారట, 20 లోపు ఉండేలా. అమెరికా చట్టం ప్రకారం, అలా శుద్ధి చేశామని ప్యాకెట్టు మీద విడిగా రాయాలి. ఈస్టుతో పొంగే పిజ్జా, రొట్టె లాంటివాటికి అది బాగుంటుందని వాళ్ళింట్లో అందరి మాట. సీలియాక్ ఉన్నవాళ్ళకి సరే. కానీ గోధుమ అలర్జీ అనేది వేరే జబ్బు, అది ఉన్నవాళ్ళు దీన్ని ముట్టకూడదు. ఈ రెంటినీ ఒకటే అనుకునేవాళ్ళు మా అపార్ట్‌మెంట్‌లోనే ముగ్గురున్నారు.

వాళ్ళని తప్పుపట్టను. ఈ జబ్బు మన వైపు తక్కువ. 2016లో వచ్చిన ఒక పెద్ద సర్వేలో ఉత్తరాదిన నూటికి 1.23 మందికి ఉంటే దక్షిణాదిన 0.10 మందికే ఉన్నట్టు తేలింది. అందుకే ఇక్కడ ఎవరికైనా వస్తే చుట్టూ తెలిసినవాళ్ళు ఉండరు. ఉప్మా రవ్వ గోధుమే అని చెబితే మా వదిన నమ్మలేదు. సేమ్యా కూడా. పొడి ఇంగువ డబ్బా తిప్పి చూడండి, చాలావాటిలో మైదానో గోధుమపిండో కలిపి ఉంటుంది. మా వంటింట్లో ఉన్నదాంట్లోనూ ఉంది. ఆ లెక్కన నా జంతికల్లో ఇంగువ వేయకపోవడమొక్కటే నేను చేసిన మంచిపని. మాల్ట్ అన్న మాట దగ్గర ఇంకో తికమక. మన రాగి మాల్ట్ మొలకెత్తిన రాగులది, పాలల్లో కలిపే డబ్బా పొడుల్లో మాల్ట్ అంటే మామూలుగా బార్లీది.

పుట్టినరోజు కేకు చివరికి నీలం ప్యాకెట్టుతోనే చేశాను. కొత్త గిన్నె, అడుగున బటర్ పేపర్. పైన చల్లడానికి కోడలు తెచ్చిన రంగు పలుకులే వాడాం, ఇక్కడ కొన్నవాటి మీద ఏమీ రాసి లేదు. మిగతా పిల్లలకి బేకరీ కేకు వేరే బల్ల మీద, వేరే చాకుతో. ఆ చాకు ఈ బల్ల మీదకి రాకుండా మా ఆయన్ని కాపలా పెట్టాను.

ధర సంగతి. అక్కడి డాలర్లని మన రూపాయల్లోకి మారిస్తే నీలం ప్యాకెట్టు ఐదొందలకి పైమాటే. ఇక్కడ దిగుమతి చేసి అమ్మేవాళ్ళ దగ్గర ఇంకా ఎక్కువ. రోజూ వాడలేం. రోజుకి ఇడ్లీ, అన్నం, పెసరట్టు ఉండనే ఉన్నాయి. వీటికి బియ్యం కడిగి, పప్పు ఏరి, మన గ్రైండర్లోనే రుబ్బుకుంటాం కాబట్టి ఆ దిగులు తక్కువ. నెలకో కేకు, పండక్కి బిస్కెట్లు అనుకుంటే మాత్రం ఆ డబ్బు పెట్టొచ్చు. ఐదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ అర మార్కు తగ్గించింది ధర వల్ల. పేరు రాయని ప్యాకెట్టుకి ఆ మూడు ప్రశ్నలకీ జవాబు వచ్చాక ఇస్తాను. నా పిండికి మూడు, అదీ నా మీద నాకున్న అభిమానంతో.

వాళ్ళు వెళ్ళిపోయారు. ఒకటిన్నర ప్యాకెట్టు మిగిలింది. అందులో ముడిబియ్యం పిండి ఉంది కదా, మన ఎండలకి కనరు వాసన వస్తుందని గాలి చొరని డబ్బాలో పోసి, పేరూ తేదీ రాసి ఫ్రిజ్‌లో పై అరలో పెట్టాను. ఫ్రిజ్‌కి కూడా తాళం ఉంటుందని ఇన్నేళ్ళూ నేను గమనించనే లేదు.